సిరామిక్ కరుగుతుంది

"సిరామిక్ ఎప్పటికీ కరగదు. ఎంత వేడిచేసినా గట్టిగానే ఉంటుంది. మరీ ఎక్కువైతే కాలి బూడిదవుతుంది. అందుకే స్పేస్ షటిల్‌కు సిరామిక్ పలకలు అంటించారు." వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ మాటలను సైన్స్ పాఠమని పిల్లలకు కూడా పంపుతున్నారు. అందుకే జవాబు రాస్తున్నాను. సిరామిక్ అంటే కుండ, ఇటుక, పింగాణీ లాంటి, లోహం కాని గట్టి పదార్థం.

కరగదా? చెవి దుద్దుల్లో మెరిసే అమెరికన్ డైమండ్ కరిగించి చేసిన సిరామిక్కే. అది జిర్కోనియా, దాదాపు 2,700 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అంత వేడి ద్రవాన్ని పట్టి ఉంచే మూస దొరకడం కష్టం. అందుకని లోపల నీళ్లు పారే రాగి గొట్టాలను గిన్నెలా పేర్చి, జిర్కోనియా పొడి నింపి, రేడియో తరంగాలతో వేడిచేస్తారు. నడుమ ఉన్నది కరుగుతుంది. గొట్టాలకు ఆనుకున్నది చల్లగా ఉండి పెంకు కడుతుంది. ఆ పెంకే ద్రవానికి పాత్ర! నెమ్మదిగా చల్లారిస్తే స్ఫటికాలు పెరుగుతాయి. ఈ పద్ధతి రాకకు చాలా ముందే, 1902లో, ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్నోయ్ అల్యూమినా అనే మరో సిరామిక్ పొడిని మంటలో కరిగించి కెంపులు చేసే పద్ధతిని ప్రకటించాడు.

గట్టిగానే ఉంటుందన్న మాట కుండ మట్టి విషయంలో అసలు నిలవదు. అందులో ఎన్నో ఖనిజాలు ఉంటాయి కాబట్టి ఫలానా డిగ్రీ దగ్గర ఒక్కసారిగా కరగదు, మెల్లగా మెత్తబడుతుంది. ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టి పాత్రను 1,250 డిగ్రీల దాకా కాలిస్తే చాలాసార్లు ఉబ్బి, కుంగి, బట్టీ అరమీద ముద్దలా పరుచుకుంటుంది. చల్లారాక మిగిలేది గాజులాంటి పెళ్ల. ఇటుక బట్టీలో మంట ఎక్కువ తగిలి, నల్లబడి, ఒకదానికొకటి అతుక్కుపోయిన ఇటుకల సంగతీ ఇదే.

బూడిద మాట చదివి నిజంగా బాధేసింది. కాలడమంటే ఆక్సిజన్‌తో కలవడం. అల్యూమినా, జిర్కోనియా ముందే ఆక్సైడ్లు, అంటే ఆక్సిజన్‌తో కలిసిపోయినవే, వాటిలో కాలడానికి ఇంకేముంది? అయితే కొన్ని సిరామిక్‌లు మామూలు పీడనంలో ద్రవంగా మారవన్నది నిజం. సిలికాన్ నైట్రైడ్ 1,900 డిగ్రీల ప్రాంతంలో సిలికాన్‌గా, నైట్రోజన్‌గా విడిపోతుంది. అది విడిపోవడమే, కాలిపోవడం కాదు.

ఇక షటిల్ పలకలు. అవి సిలికా నారతో చేసినవి, వాటిలో చాలా భాగం గాలే. వేడిని లోపలికి పోనివ్వవు కాబట్టి వాడారు. సిలికా 1,700 డిగ్రీలు దాటితే కరుగుతుంది. ఆ పలకలను సుమారు 1,260 డిగ్రీల లోపు వేడెక్కే చోట్లకే పరిమితం చేశారు. అంతకంటే వేడెక్కే ముక్కుకూ రెక్కల ముందు అంచులకూ కార్బన్ పలకలు బిగించారు.