ఏడు పిన్నుల అద్వైతం

మద్రాసు ఉత్తరాన మాధవరం, మణలి యార్డుల చుట్టూ లారీ ఎలక్ట్రీషియన్లు ప్రబోధిస్తున్న అద్వైత సిద్ధాంతాన్ని ఇప్పటివరకు ఏ పీఠమూ గుర్తించకపోవడం విచారకరం. "ఏడు పిన్నులే కదండీ, అన్నీ ఒకటే" అన్నది వారి మహావాక్యం. లారీ నుంచి ట్రైలర్ లైట్లకు కరెంటు అందించే సాకెట్ కొనబోయి "ఇది ఎన్ని వోల్టులది?" అని అడిగే అజ్ఞాని ఎవరైనా ఉంటే, కొట్టులోనే అతనికి ఉపదేశం లభిస్తుంది.

భేదబుద్ధి వదలని ద్వైతులూ లోకంలో ఉన్నారు. వారు 24 వోల్టుల భారీ లారీలకు ఐఎస్‌ఓ 1185 అనీ, 12 వోల్టుల చిన్న బళ్లకు ఐఎస్‌ఓ 1724 అనీ వేర్వేరు అంతర్జాతీయ ప్రమాణాలు రాసుకున్నారు. రెండింటిలోనూ పిన్నులు ఏడే, తీగల రంగులూ అవే. కానీ లారీ సాకెట్‌లో తెల్ల తీగ, అంటే ఎర్త్, 1వ పిన్నుకు వస్తే చిన్న బండిలో 3వ పిన్నుకు వస్తుంది. లారీలో 4వ పిన్ను బ్రేకు లైటుది, చిన్న బండిలో అదే 4వ పిన్ను కుడి ఇండికేటర్‌ది. ఒకదానిలో మరొకటి దూరకుండా ఆకారంలోనే తేడా పెట్టారు కూడా. అయితే ప్లగ్గును కోసి పారేసి, కొత్త ప్లగ్గుకు తీగలను తనకు తెలిసిన చిన్న బండి వరసలో బిగించగల జ్ఞాని ముందు ఏ ఆకారం నిలుస్తుంది?

అలా బిగించిన ట్రైలర్‌ను గూడూరు నుంచి వచ్చిన లారీకి తగిలించిన సాయంత్రం పరీక్ష మొదలవుతుంది. "బ్రేకు తొక్కన్నా!" అని ఎలక్ట్రీషియన్ వెనక నుంచి కేక వేస్తాడు. డ్రైవరు తొక్కుతాడు; కుడి ఇండికేటర్ కన్నార్పకుండా వెలుగుతుంది. కుడి ఇండికేటర్ వేయమంటే కుడివైపు వెనక లైటు కొట్టుకుంటుంది. పార్కింగ్ లైట్లు వేయమంటే, ట్రైలర్ జన్మలో ఇక ముందుకు కదలనన్నట్లు బ్రేకు లైట్లు వెలిగిపోతాయి. ఎడమ ఇండికేటర్ తీగ ఇప్పుడు ట్రైలర్ ఎర్త్‌కు తగిలింది కనుక, ఆ స్విచ్చు వేయగానే కరెంటు ఛాసిస్ మీదుగా, ట్రైలర్‌ను లారీకి కలిపే, గ్రీజు పూసిన కింగ్ పిన్ గుండా లారీకి తిరిగి వచ్చి ఫ్యూజును కాల్చేస్తుంది. ఎలక్ట్రీషియన్ కలత చెందడు; ఫ్యూజు ఉన్నచోట రాగి పోగు చుడతాడు. తీగ పొగ చిమ్మితే టేపు చుడతాడు. "ఒక్క బల్బైనా మాడిపోయిందా చెప్పన్నా, అన్నీ వెలుగుతున్నాయి కదా!" అని అడుగుతాడు. నిజమే, అన్నీ వెలుగుతున్నాయి. ఏది ఎందుకు వెలుగుతోందని అడగడమే మాయ.

యజమాని ఇంతకంటే గొప్ప వేదాంతి. లక్షలు పోసి ట్రైలర్ కొంటాడు, సాకెట్ దగ్గర వంద రూపాయలకు అరగంట బేరమాడతాడు. ఈ రోజు ఈ లారీ వెనక, రేపు మరో లారీ వెనక తిరిగే ట్రైలర్‌కు టెస్ట్ ల్యాంపు పట్టుకుని ఏడు పిన్నులనూ ఒక్కొక్కటే సరిచూడటానికి పది నిమిషాలు పట్టదు. ఆ పది నిమిషాలు మన దగ్గర ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) నాడు మాత్రమే దొరుకుతాయి.

ఎన్నూరు రోడ్డులో రాత్రి షిఫ్టు దిగి బైకు మీద ఇంటికి వెళ్లే కుర్రవాడికి ఈ వేదాంతం ఎవరు చెప్పారు? ముందున్న ట్రైలర్ ఆగుతోందని అతనికి తెలియదు, కుడికి తిరుగుతోందనుకుంటాడు, ఎడమవైపు నుంచి దాటబోతాడు. సిగ్గు లేదా మీకు? పది నిమిషాల పని చేయనివారు, చేయించనివారు, చూసీ చూడనట్లు ముద్ర వేసి పంపినవారు అందరూ ఆ రాత్రి హాయిగా నిద్రపోతారు. మర్నాడు వార్తలో ఆ కుర్రవాడి అతివేగమే కారణమని రాస్తారు. ట్రైలర్ యార్డుకు వస్తుంది. వంగిన వెనక బంపరును కొట్టి సరిచేస్తారు, నెంబరు ప్లేటుకు కొత్తగా రంగు వేస్తారు, ప్లగ్గును మాత్రం ఎవరూ విప్పి చూడరు.