ఒక నిండు స్క్రోలింగ్, రెండు ఫలహారాలు

ఈ ఏడాది తపస్సుకాలానికి, అంటే ఈస్టరుకు ముందు మేం కథోలికులం ఉపవాస ప్రార్థనలతో గడిపే నలభై రోజులకు, నేను ఫోను మానేశాను. ఆ సంగతి వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో, మా విచారణ (చర్చి సంఘం) గ్రూపులో, కాలనీ గ్రూపులో ప్రకటించాను. మొత్తం నూట పన్నెండు మంది చూశారు. పద్నాలుగు మంది చేతులు జోడించారు. మా ఆవిడ మాత్రం, "మానేశానని ఎంతమంది చూశారో గంటకోసారి చూసుకుంటున్నారేమిటండీ?" అంది. వేదాంత విషయాల్లో ఆమెకు ప్రవేశం తక్కువ.

తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాటి పూజలో చదివేది మత్తయి సువిశేషం (సువార్త) ఆరో అధ్యాయం. దానం చేస్తే కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు, ప్రార్థన తలుపు మూసుకుని చేసుకోవాలి, ఉపవాసం ఉన్నవాడు ముఖం కడుక్కుని మామూలుగా తిరగాలి అని ప్రభువు ఆజ్ఞ. నేను కాదనను. కానీ ఆ కాలంలో చేతులకు ఇంత పని లేదు. ఇప్పుడు ఫోను పట్టుకునేది ఎడమచెయ్యి, తెర తోసేది కుడిచెయ్యి. ఒకదానికి తెలియకుండా రెండోది ఏం చేయగలదు?

ఆ సువిశేషం విని, వరుసలో వెళ్ళి, నుదుట విభూది సిలువ వేయించుకున్నాను. నిరుటి మట్టల ఆదివారం కొమ్మలు కాల్చి చేసిన బూడిద అది. మనిషి మట్టి అనీ, మట్టిలోనే కలుస్తాడనీ మా చర్చి గురువు గారు (ఫాదర్) గుర్తు చేశారు. బయటికి రాగానే, సిలువ సరిగ్గా పడిందో లేదోనని బొటనవేలితో తడిమి చూసుకుని, సెల్ఫీకి ఫోను తీశాను. బొటనవేలికి అంటిన బూడిద వల్ల ఫోను నన్ను గుర్తుపట్టలేదు. ఐదుసార్లు నొక్కాను. ముప్పై సెకన్లు ఆగమంది. తలుచుకుంటే, ఈ తపస్సుకాలంలో నేను నికరంగా పాటించిన ఉపవాసం ఆ ముప్పై సెకన్లే.

లోపం నాది కాదు, చట్టానిది. తిండి విషయంలో శ్రీసభ, అంటే మా కథోలిక సంఘం, ఎంత స్పష్టంగా ఉందో చూడండి. పద్దెనిమిదేళ్ళు నిండినప్పటి నుంచి యాభైతొమ్మిది నిండేదాకా, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఉపవాసం తప్పనిసరి. రోజుకు ఒక నిండు భోజనం, పొద్దున, సాయంత్రం ఏదో కొద్దిగా. ఇదే కొలత ఫోనుకు పెడితే చిక్కేముంది? మధ్యాహ్నం ఒక నిండు స్క్రోలింగ్. పొద్దున కాఫీతో ఒక ఫలహారం, రాత్రి బీపీ మాత్రతో ఇంకొకటి. శుక్రవారాలు మాంసం నిషిద్ధం కాబట్టి నాటుకోడి పులుసు, రాగిసంగటి రీళ్ళలో పులుసు వచ్చేసరికి కళ్ళు మూసుకోవాలి, సంగటి చూడవచ్చు. చేపల పులుసుకు అభ్యంతరం లేదు. విభూది బుధవారం నుంచి పాస్కా (ఈస్టరు) ముందురోజు దాకా లెక్కపెడితే నలభైఆరు రోజులు. అందులో ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై వస్తుంది. కనుక ఆదివారాలు బాకీ మొత్తం తీర్చుకోవచ్చు. నాకు వచ్చే అక్టోబరుకు యాభైతొమ్మిది నిండుతాయి. ఈ సంస్కరణ ఆ తర్వాత వచ్చినా తొందరేమీ లేదు.

పెద్దలే దారి చూపారు కదా. పోపు పదహారవ బెనెడిక్ట్ 2012 డిసెంబరు 12న ట్విట్టర్‌లో తొలి సందేశం పెట్టారు. రెండు నెలలు తిరిగేసరికి పదవి నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఈ రెండింటికీ సంబంధం లేదనే నా నమ్మకం. 2025 సెప్టెంబరు 7న పునీతుడైన (సెయింట్‌గా ప్రకటించిన) కార్లో అకూటిస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పదిహేనేళ్ళకే కన్నుమూసిన ఆ అబ్బాయి దివ్యసత్ప్రసాద (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) అద్భుతాలను సేకరించి వెబ్‌సైట్‌లో పెట్టాడు. జీన్స్ వేసుకున్న ఆయన ఫోటో మా గ్రూపులో ఒక్కరోజే పదకొండుసార్లు వచ్చింది. వీడియో గేములకు వారానికి ఒక్క గంట మించి ఇచ్చేవాడు కాదన్న విషయం మాత్రం ఎందుకో ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం దగ్గర మాత్రం శ్రీసభ మెట్టు దిగడం లేదు. ఇంటర్నెట్‌లో ఇలాంటి దివ్యసంస్కారాలు ఉండవని 2002లోనే తేల్చేశారు. ఒక్కసారి వినగానే మాయమయ్యే వాయిస్ మెసేజ్ వాట్సాప్‌లో ఉంది. రహస్యానికి అంతకన్నా ఏం కావాలని మా గురువు గారిని అడిగాను. ఆయన కాసేపు నన్నే చూసి, శనివారం సాయంత్రం రమ్మన్నారు. పోనీలెండి. నీలిగీతలు రెండూ పడి, అటునుంచి జవాబు రాకపోతే పాపం పోయినట్టా, ఉన్నట్టా అన్న ధర్మసందేహం నాకూ ఉంది.

పోయిన ఆదివారం సంగతి. గురువు గారు సత్ప్రసాదం పైకెత్తారు. గంట మోగింది. అందరం మోకాళ్ళ మీద ఉన్నాం. మూడో వరసలో ఒక జేబులోంచి ఆడగొంతు, "రెండు వందల మీటర్ల తర్వాత వెనక్కి తిరగండి" అంది. మారుమనస్సు గురించి ఈ తపస్సుకాలంలో నేను విన్న ప్రసంగాల్లో అంత సూటిగా, అంత పొట్టిగా ఉన్నది మరొకటి లేదు. ఆ జేబు ఎవరిదన్నది ఇక్కడ అప్రస్తుతం. మా ఆవిడ ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదని మాత్రం చెప్పగలను.

నిజానికి తిరుపతిలో ఉంటున్న వాళ్ళం, పరిష్కారానికి రోము దాకా పోనక్కర్లేదు. కొండ మీద ఆలయంలోకి ఫోను రానివ్వరు. ఎంతటివారైనా కౌంటరులో అప్పగించి వెళ్ళవలసిందే. మా పక్కింటాయన మొన్న దర్శనానికి వెళ్ళొచ్చాడు. క్యూలో మొదటి గంటంతా ఖాళీ జేబు తడుముకుంటూనే ఉన్నాడట. రెండో గంటలో ముందున్న మనిషిని మీదే ఊరని అడిగాడట. ఇద్దరూ బయటికి వచ్చేసరికి ఆయన కూతురికి ఒక సంబంధం కూడా కుదిరేలా ఉంది.

అందుచేత మా ప్రాంతానికి బిషప్పైన కడప మేత్రాణుల వారికి నా మనవి. మన చర్చిల గుమ్మం దగ్గర కూడా అలాంటి కౌంటరు ఒకటి పెట్టించండి. టోకెన్లు ఇవ్వండి. మొదటి టోకెన్ నేనే తీసుకుంటాను. ఆ టోకెన్‌ను ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టుకోవడానికి మాత్రం, దయచేసి, రెండో ఫోనును లోపలికి అనుమతించగలరు.