పొడవుకి ఉన్న హద్దు వెడల్పుకీ కావాలి
భద్రతా నిబంధనల వల్లే కాంపాక్ట్ ఎస్‌యూవీలు తరం తరానికీ పెరిగిపోతున్నాయన్న మాట నేను సగమే ఒప్పుకుంటాను. 1994లో వచ్చిన మూడు తలుపుల టొయోటా రావ్4 సుమారు 3.7 మీటర్ల పొడవు, ఇప్పటిది 4.6. ఇంత పెరుగుదల ఎయిర్‌బ్యాగుల కోసమేనా? మన దేశంలో నాలుగు మీటర్లు దాటితే పన్ను ఎక్కువ, అందుకే 2016లో వచ్చిన మారుతి బ్రెజా పొడవు 3,995 మిల్లీమీటర్లే. 2022 మోడల్ పొడవూ అంతే. ఎత్తు మాత్రం 45 మిల్లీమీటర్లు పెరిగింది. ఆ నాలుగు మీటర్ల గీతకి బయట ఉన్న హ్యుందాయ్ క్రెటా పొడవు 2015లో 4,270, 2024కి 4,330. అంటే హద్దు పెడితే ఆగుతారు. వెడల్పుకీ అలాంటి హద్దు పెట్టాలని నా గట్టి అభిప్రాయం. మాది విజయనగరం, మూడు లాంతర్ల వైపు ఇరుకు సందు. నాన్నగారి మారుతి 800 వెడల్పు 1,440 మిల్లీమీటర్లు, గేటు దాని కొలతకే పెట్టించారు. తమ్ముడు కొన్న బండి 1,790, అద్దాలు మడిచినా లోపలికి పట్టదు. రాత్రంతా వీధిలోనే, పక్కింటి వాళ్ళ స్కూటర్లకి అడ్డంగా. సిరిమాను పండగ రోజుల్లో అయితే బయటికి తియ్యనే తియ్యం. మొన్న అమ్మకి ఒంట్లో బాగోకపోతే, ఇంటి ముందు బండి ఉండగానే ఆటో పిలిచాం. ఎదురుగా ఇంకో పెద్ద బండి ఆగి ఉంది, మాది కదిపే దారే లేదు.