జలుబు కాదు మహాప్రభో, పుప్పొడి!

కూకట్‌పల్లిలో ఇప్పుడే ఒక మెడికల్ షాపు ముందు చూసిన సీను. ఒకాయన వరసగా ఏడు తుమ్ములు తుమ్మి, "అన్నా, నెలయింది, జలుబు తగ్గుతలేదు, జర స్ట్రాంగ్‌ది ఇయ్యి" అన్నాడు. అన్నగారు కత్తెర తీసి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు గోలీలు కత్తిరించారు, పైన ముక్కు చుక్కల సీసా ఒకటి. డిగ్రీ దేనికి, కత్తెర ఉందిగా.

మామూలు జలుబు వారం, పది రోజుల్లో పోతుంది. జ్వరం లేదు, ముక్కులోంచి నీళ్లే నీళ్లు, కళ్లూ అంగిలీ ఒకటే దురద, అదీ ఏటా వానలు తగ్గే టైముకే! ఇది పుప్పొడి ఎలర్జీ. దీనికి యాంటీబయాటిక్ ఎందుకు, పుప్పొడిని చంపడానికా?

ఆ చుక్కలు ఇంకో కథ. వాటిలో ఉండే జైలోమెటజోలిన్ నిమిషాల్లో ముక్కు తెరుస్తుంది, అందుకే అందరికీ ముద్దు. ఐదు రోజులు దాటి వాడితే మందు ప్రభావం దిగగానే ముక్కు ఇంకా గట్టిగా బిగుస్తుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ బిగుసుడు.

అసలు పనిచేసేది ఫ్లూటికసోన్, మొమెటసోన్ లాంటి ముక్కు స్ప్రే. "అమ్మో స్టిరాయిడా" అంటారు, రోడ్డు పక్క షవర్మాకి లేని భయం. రోజూ కొడితే వారం, రెండు వారాలకి పూర్తి గుణం కనబడుతుంది, అందుకే డాక్టర్ని అడిగి సీజను ముందే మొదలుపెట్టాలి. కొట్టడం వస్తేగా! తల వెనక్కి వాల్చి సర్రున పీలిస్తే మందంతా గొంతులోకే. ముక్కు చీది, సీసా ఊపి, తల కాస్త ముందుకి వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, మొన చెవి వైపు పెట్టి కొట్టాలి. నడిమి గోడకి కొడితే రక్తం వస్తుంది. ఆ తర్వాత "స్ప్రే డేంజర్" అని వాట్సాప్‌లో ఫార్వర్డు.

తుమ్ములకి సెటిరిజైన్ అనే ఎలర్జీ గోలీ ఉంది కానీ కొందరికి మత్తు. ఫెక్సోఫెనడిన్‌తో మత్తు తక్కువ, మంచినీళ్లతోనే మింగాలి, బత్తాయి రసంతో వేసుకుంటే సరిగా ఒంటబట్టదు.

సరే, ఎన్ని మింగితే ఏం లాభం, పక్క ప్లాటులో ఆ పుప్పొడి రాల్చే కలుపు మొక్క వయ్యారిభామ (పార్థీనియం) నడుమెత్తున తెల్లగా పూసి ఊగుతుంటే? చుట్టూ గోడ, గేటుకి తాళం. ప్లాటు ఓనరుకి పది ఫోన్లు చేస్తే సంక్రాంతికి మనిషిని పంపి కొడవలితో కోయిస్తాడు, ఒక్కో మొక్క వేల గింజలు రాల్చేశాక! మొదలు మిగిలితే మళ్లీ చిగురిస్తుంది. పూత రాకముందే, వాన పడ్డ మర్నాడు, గ్లవుజులు తొడిగించి వేళ్లతో సహా పీకించాలి. అమెరికా ఖండం మొక్క ఇక్కడ, ఇక్కడి ఓనరు అమెరికాలో. గజాల రేటు మాత్రం వారం వారం కనుక్కుంటాడు.