తలుపు తట్టినవాడినే పంపించేశాం

మా హాస్టల్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం ఉండేది. లామినేషన్ చేయించి మరీ పెట్టాం. ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసిన దాని సారాంశం ఇది: హాస్టల్లో మందు తాగినా, దగ్గర పెట్టుకున్నా, తాగినవాళ్లకు సహకరించినా వెంటనే హాస్టల్ నుంచి తీసేస్తాం, ఇంటికి ఫోన్ చేస్తాం, కాండక్ట్ సర్టిఫికెట్ మీద రాస్తాం. కింద వార్డెన్ సంతకం. ఆ సంతకం నాదే.

నేను లెక్కల మాస్టారిని. సాగర్ రోడ్డు వైపు ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మా దగ్గర వార్డెన్ అంటే వేరే ఉద్యోగం కాదు, పాఠం చెప్పేవాడి నెత్తిన పెట్టే అదనపు మూట. మూడంతస్తుల బిల్డింగు, నాలుగు వందల చిల్లర మగపిల్లలు, ఇద్దరు వాచ్‌మన్లు, వారంలో రెండు రోజులు పనిచేయని ఒక బయోమెట్రిక్ మిషను. ఇదీ నా సామ్రాజ్యం.

పోయినేడు ఫ్రెషర్స్ పార్టీ అయిన రాత్రి, తెల్లవారుజామున నాలుగింటికి ఎవరో నా తలుపు తట్టారు. తీస్తే ఫస్టియర్ కుర్రాడు. చేతులు మోచేతుల దాకా తడి. "సార్, మావాడు లేస్తలేడు" అన్నాడు.

రెండో అంతస్తులో గది. లైటు వేస్తే వాచ్‌మన్ చూస్తాడని ఫోన్ టార్చి పెట్టుకుని కూర్చున్నారు ఇద్దరు. పిల్లాడు కింద చాప మీద ఉన్నాడు, ఒళ్లంతా తడిసిపోయి. మత్తు దిగుతుందని బకెట్లతో చన్నీళ్లు పోశారట. పక్కన పిండేసిన నిమ్మచెక్కలు, మెస్ నుంచి తెచ్చిన మజ్జిగ గిన్నె, సగం ఖాళీ అయిన థమ్సప్ సీసా. దాంట్లో థమ్సప్ ఎంతో, మిగతాది ఎంతో వాసనే చెబుతోంది. ఊపిరి తీస్తున్నాడు, కానీ ఆగి ఆగి. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య పది దాటింది. గోళ్లు నీలంగా ఉన్నాయి.

"ఎప్పటినుంచి ఇలా ఉన్నాడు?"

"ఒంటిగంట నుంచి సార్."

మూడు గంటలు. నా గది వాళ్ల గదికి రెండంతస్తులు కింద, అంతే. ఆ మూడు గంటలూ ఆ పిల్లలు చర్చించింది ఒక్కటే: సార్‌కి చెప్తే ఏమవుతుంది, చెప్పకపోతే ఏమవుతుంది. చెప్తే ఏమవుతుందో బోర్డు మీద స్పష్టంగా రాసి ఉంది. చెప్పకపోతే ఏమవుతుందో రాసిన కాగితం మేం ఎక్కడా అంటించలేదు.

108 వచ్చింది. పిల్లాడు బతికాడు. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ అడిగింది, వీణ్ని పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టింది ఎవరని. తలుపు తట్టిన కుర్రాడే. వెల్లకిలా పడుకుని ఉంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయేదని, అప్పుడు తను చేయగలిగింది పెద్దగా ఉండేది కాదని చెప్పింది. ఆ మజ్జిగ, నిమ్మరసం తాగించినందుకు మాత్రం అందరినీ తిట్టింది. స్పృహలో లేనివాడి నోట్లో ఏం పోసినా గొంతుకు అడ్డం పడొచ్చు, చన్నీళ్లు పోస్తే అసలే చల్లబడుతున్న ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. సినిమాల్లో చూసిన వైద్యమే పిల్లలు చేశారు. వాళ్లకు ఇంకేదైనా ఎవరు నేర్పారు గనక?

మూడోరోజు డిసిప్లిన్ కమిటీ కూర్చుంది. గదిలో ఉన్న నలుగురినీ హాస్టల్ నుంచి తీసేశారు. తాగినవాడిని, తెచ్చినవాడిని, కలిసి తాగినవాడిని, తలుపు తట్టినవాడిని. చివరివాడు ఆ రాత్రి చుక్క కూడా ముట్టలేదు. ఆ మాట నేను మీటింగులో చెప్పాను. "తెలిసీ మూడు గంటలు దాచాడు కదండీ, సహకరించినట్టే" అన్నారు. ఒకరికి మినహాయింపు ఇస్తే రేపు అందరూ అడుగుతారన్నారు. నేను ఇంకో రెండు నిమిషాలు వాదించి, సంతకం పెట్టాను. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆ సంతకమే.

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఆ పిల్లాడి నాన్న వచ్చాడు. ట్రంకు పెట్టె ఆటోలో ఎక్కించి, తువ్వాలుతో మొహం తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు.

"మావోడు తాగిండా సార్?"

"లేదండీ."

"మరి?"

నాకు నోరు పెగల్లేదు. ఆయన కాసేపు నిలబడి, దండం పెట్టి వెళ్లిపోయాడు. దండం పెట్టకుండా తిట్టి ఉంటే బాగుండేది.

ఇక్కడ కొందరు కామెంట్ రాయడానికి రెడీ అవుతుంటారు, "అంటే పిల్లలు తాగొచ్చు అంటారా సార్" అని. అనను. లెక్కల మాస్టారిని కాబట్టి నా క్లాసులో ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తున్నాను ఇప్పుడు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే అందులో సుమారు 77 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్. మన లివర్ గంటకు అటూ ఇటూగా పది మిల్లీలీటర్లే కరిగించగలదు. ఏడెనిమిది గంటల పనిని ఫస్టియర్ పిల్లాడు పందెం కాసి పావుగంటలో గొంతులో పోసుకుంటాడు. "పడుకుంటే దిగిపోద్ది మామా" అంటారు పక్కవాళ్లు. పడుకున్నాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. ఒంటిగంటకు గురక పెట్టినవాడు మూడింటికి గురక కూడా పెట్టకపోవడం అందుకే. బీరు కదా ఏం కాదు అనేవాళ్లకు ఇంకో లెక్క: 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంది. క్వార్టర్‌లో మూడింట రెండు వంతులు. ఈ లెక్క వేసిన రోజు క్లాసు మొత్తం నిశ్శబ్దంగా విన్నది. ఇంటిగ్రేషన్ చెప్పినప్పుడు ఎన్నడూ అంత శ్రద్ధ చూడలేదు.

ఇక చట్టం. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మందు అమ్మకూడదు. బీటెక్‌లో చేరేది 17, 18 ఏళ్లకు. అంటే థర్డియర్ అయ్యేదాకా హాస్టల్లో దాదాపు ప్రతివాడూ ఆ వయసు లోపలివాడే. కొందరు ఫస్టియర్లకు 18 కూడా నిండవు. అలాంటి పిల్లాడికి మందు పోస్తే 2015 జువైనల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. "మామా, ఒక్క పెగ్గే" అని జూనియర్‌కు గ్లాసు అందించే సీనియర్‌కు ఈ సంగతి తెలియదు. మేమూ చెప్పలేదు. బోర్డు మీద కాండక్ట్ సర్టిఫికెట్ గురించి రాశాం గానీ దీని గురించి రాయలేదు.

అసలు అమ్మకూడదన్న నిబంధన ఎవరి మెడకు చుట్టుకోవాలి? అమ్మినవాడి మెడకు. మా గేటు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో వైన్స్ ఉంది. సాయంత్రం ఆరింటికి అక్కడ కౌంటర్ గ్రిల్ ముందు నిలబడి చూడండి. కాలేజీ ఐడీ కార్డు ట్యాగు మెడలో వేలాడుతుండగానే చెయ్యి లోపలికి పోతుంది, నల్ల కవర్‌తో బయటికి వస్తుంది. వయసెంత అని అడిగినవాణ్ని ఆరేళ్లలో నేను చూడలేదు. ఆ నల్ల కవర్ మా గేటు దాటాక మాత్రం మహాపాపం అయిపోతుంది. ప్రహరీ గోడ మీద నుంచి బ్యాగుకు తాడు కట్టి లాగుతారు, కూలర్ నీళ్లలో ముంచి పెడతారు, ఒకసారైతే షాంపూ డబ్బాలో దొరికింది. షాంపూ వాసన పోకుండానే తాగారట దేవుడా.

పిల్లలు ఎందుకు ఇంతలా తెగిస్తారు అంటే, వాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారో చూడాలి. ఇంటర్ రెండేళ్లు ఏదో ఒక రెసిడెన్షియల్ క్యాంపస్‌లో ఉండి వస్తారు. పొద్దున ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకు స్టడీ అవర్, ఫోన్ లేదు, ఆదివారం కూడా పరీక్షే. కిటికీకి గ్రిల్. అమ్మానాన్న నెలకోసారి పులిహోర తెచ్చి గేటు దగ్గర తినిపించి వెళ్తారు. ఆ పిల్లాడికి టైమ్ ఎలా గడపాలో, వద్దు అని ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. నేర్చుకునే సందే ఇవ్వలేదు. అలాంటివాణ్ని తెచ్చి ఒక్కసారిగా బీటెక్‌లో వదులుతాం. చేతిలో ఫోను, ఫోనులో యూపీఐ, పక్కన సీనియర్లు. ఇంటికెళ్తే దావత్‌లో మేనమామ "పెద్దోడివైనవు, ఓ గుటుక వేయ్" అంటాడు. కాలేజీకొస్తే నేను రస్టికేట్ చేస్తా అంటాను. మధ్యలో మాట్లాడేవాడు ఎవడూ లేడు.

నేనేదో శుద్ధపూసనని కాదు. నేను మొదటిసారి తాగింది ఎప్పుడో తెలుసా? ఉమ్మడి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం ఉన్నప్పుడు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా పోరాటం ఫలితంగా 1995 జనవరిలో నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. 96లో నేను డిగ్రీ హాస్టల్లో ఉన్నాను. రాష్ట్రమంతా వైన్స్ షట్టర్లు మూసి ఉన్న కాలంలో మా రూంమేట్ కర్ణాటకలోని బీదర్ నుంచి బస్సులో, బట్టల సంచి మధ్యలో సీసా పెట్టుకుని తెచ్చాడు. గంటలో ఖాళీ చేశాం, ఎందుకంటే దాచుకోవడం ప్రమాదం. నెమ్మదిగా తాగే సౌకర్యం దొంగతనంగా తాగేవాడికి ఉండదు. దూబగుంట ఆడవాళ్ల పోరాటం మీద నాకు గౌరవమే, వాళ్ల ఇళ్లలో జరిగింది చిన్న విషయం కాదు. నేను చెప్పేది మా హాస్టల్ గదిలో ఏం జరిగిందనే.

లేడీస్ హాస్టల్ వార్డెన్ మేడమ్ ఇదంతా విని, "మీ పిల్లలు మూడు గంటల తర్వాతైనా తట్టారు సార్, మా పిల్లలు తట్టనే తట్టరు" అన్నారు. అబ్బాయి తాగితే చదువు మీద మచ్చ. అమ్మాయి తాగిందని ఇంటికి ఫోన్ వెళ్తే చదువే ఆగిపోవచ్చు, సంబంధాలు చూడ్డం మొదలుపెట్టొచ్చు. ఆ ఫోన్ కాల్ భయంతో ఒకమ్మాయి రాత్రంతా బాత్రూంలో గడియ పెట్టుకుని ఉండిపోయిందట. పొద్దున గడియ విరగ్గొట్టారు.

హాస్టల్ నుంచి తీసేస్తే పీడ పోయింది అనుకుంటాం. పీడ ఎక్కడికీ పోదు, దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో గది తీసుకుంటుంది. అక్కడ వార్డెన్ లేడు, వాచ్‌మన్ లేడు, కింద బండి ఉంది. హాస్టల్లో తాగినవాడు మంచం మీద పడతాడు. రూంలో తాగినవాడు రాత్రి రెండింటికి బిర్యానీ కోసం బండి తీస్తాడు. మా రికార్డులో మాత్రం సంఖ్య తగ్గుతుంది. ప్రిన్సిపాల్ గారికి చూపించడానికి బాగుంటుంది.

నేను అడుగుతున్నది చాలా చిన్నది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఫోన్ చేసినవాడికీ, ఎవరి కోసం చేశాడో వాడికీ ఆ రాత్రి తాలూకు శిక్ష ఉండకూడదు. ఇది కొత్త ఊహేం కాదు. అమెరికాలోనూ 21 ఏళ్ల నిబంధనే, అయినా అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఈ పద్ధతి ఉంది. అంత దూరం ఎందుకు, రోడ్డు మీద యాక్సిడెంట్ అయినవాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసులు సతాయిస్తారని జనం పక్కనుంచే పోయేవాళ్లు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి, సాయం చేసినవాడికి రక్షణ పెట్టారు. నేషనల్ హైవే మీద అపరిచితుడికి ఉన్న రక్షణ మా సెకండ్ ఫ్లోర్‌లో రూంమేట్‌కు లేదు.

శిక్షలు వద్దనట్లేదు. తెచ్చి అమ్మేవాణ్ని, జూనియర్ నోట్లో బలవంతంగా పోసినవాణ్ని తీసెయ్యండి, అది ర్యాగింగే. మిగతావాళ్లతో తర్వాత మాట్లాడొచ్చు. ఊరికే నీతులు చెప్పడం కాదు, అలవాటు ముదురుతోందంటే కౌన్సెలింగ్‌కు పంపొచ్చు. 14446 అని వ్యసన విముక్తికి కేంద్రం ఉచిత నంబరు ఉంది, ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. ఈ మాటలన్నీ కలిపి ఒక పేజీ రాసి కమిటీకి ఇచ్చి ఐదు నెలలైంది. "పరిశీలనలో ఉంది." కాలేజీలో చదువుకున్నవాళ్లెవరికైనా ఆ మాటకు అర్థం తెలుసు.

లామినేషన్ కాగితం మాత్రం నేనే పీకేశాను. అడిగితే చెమ్మకు ఊడిందని చెప్పాను.

మొన్న రాత్రి మెస్‌లో చెయ్యి కడుక్కుంటుంటే సెకండియర్ కుర్రాడొకడు పక్కన కుళాయి దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి అడిగాడు. "సార్, ఊరికే అడుగుతున్నా. ఎవరికైనా సీరియస్ అయి మీకు ఫోన్ చేస్తే, పేరు రాసుకుంటారా?"

రాసుకోను అన్నాను. అలా మాటిచ్చే అధికారం నాకు లేదు. వాడు నా నంబరు అడిగి ఫోన్‌లో సేవ్ చేసుకున్నాడు.