విదేశంలో ఉన్న సేవకుడికి నిజం చెప్పుకునే చోటు కావాలి

పరాయి దేశంలో సువార్త పరిచర్యలో గడిపిన ఆరేళ్లలో, మమ్మల్ని పంపిన సంఘాలకు నెలకొకటి చొప్పున డెబ్భైకి పైగా ప్రార్థన లేఖలు రాశాను. వాటిలో ఒకటి నన్ను ఇప్పటికీ వదలలేదు. మూడో ఏడాది చలికాలంలో ఒక రాత్రి వంటగది బల్ల దగ్గర కూర్చుని, "నా భార్య మూడు వారాలుగా సరిగా నిద్రపోవడం లేదు, నేను బైబిలు తెరిచి కూర్చుంటున్నానే గాని ఒక్క అధ్యాయం కూడా పూర్తి చేయలేకపోతున్నాను" అని రాశాను. ఆ వాక్యం వైపు చాలాసేపు చూసి, చెరిపేసి, "ప్రభువు కృపవల్ల కుటుంబమంతా క్షేమం, మా కొరకు ప్రార్థించండి" అని రాసి పంపించాను. అబద్ధమాడాలన్న తలంపు నాకు లేదు. ఆ లేఖ చదివే పెద్దలే మాకు నెలనెలా అందే సహాయాన్ని కొనసాగించాలా వద్దా అని నిర్ణయించే పెద్దలు కూడా, అంతే.

విదేశాల్లో ఉన్న క్రైస్తవ సేవకులకు అండగా నిలిచే ఒక లాభాపేక్ష లేని సంస్థను స్థాపించాలని ఇప్పుడు మేము కొందరం పూనుకున్నాం. ఈ మాట చెప్పగానే ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న, "నిధులు ఎక్కడినుంచి తెస్తారు?" అన్నది. అది అడగవలసిన ప్రశ్నే. కాని దానికంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి ఉందని నా గట్టి నమ్మకం: సేవకుడు తన బలహీనతను మా దగ్గర చెప్పుకుంటే అతని జీవనాధారానికి ముప్పు రాదని మేము మాట ఇవ్వగలమా? ఇవ్వలేకపోతే ఎన్ని నిధులు పోగుచేసినా మేము పెట్టేది పంపే సంస్థల పక్కన మరొక పంపే సంస్థే అవుతుంది.

పంపడం మనకు బాగా తెలుసు. చేతులుంచి ప్రార్థన చేసి, కానుక ఎత్తి, విమానాశ్రయంలో పాట పాడి సాగనంపుతాం. పంపిన తర్వాత ఏం చేయాలన్నదే మన సంఘాలకు అలవాటు కాలేదు. ఇది ఈనాటి లోపం కూడా కాదు. 1792 అక్టోబరు 2న ఇంగ్లండులోని కెట్టరింగ్‌లో ఒక ఇంటిలో కొద్దిమంది బాప్టిస్టు కాపరులు కూడి, 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్సుల చందా వాగ్దానాలతో ఒక మిషన్ సంఘాన్ని ప్రారంభించారు. వాళ్లలో ఒకడై, సేవకుడిగా భారతదేశానికి బయలుదేరిన విలియం కేరీ ఆ దేశమనే గనిలోకి దిగితే పైనుండి తాడు పట్టుకుంటామన్న ఒప్పందం వాళ్ల మధ్య ఉండేదని చెబుతారు. ఆ సంఘానికి కార్యదర్శి అయిన ఆండ్రూ ఫుల్లర్ 1815లో కన్నుమూసేదాకా ఆ మాట మీద నిలబడ్డాడు. ఊరూరా తిరిగి చందాలు అడిగాడు, విమర్శకులకు జవాబులు రాశాడు, 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో కేరీ బృందం నడిపే ముద్రణాలయం కాలిపోయినప్పుడు ఆ నష్టం పూడ్చడానికి దేశమంతా కదిలించాడు.

అంత మంచి స్నేహితులు ఉండి కూడా, కేరీ భార్య డొరొతీకి ఏమయిందో చూడండి. మొదట రానన్న ఆమె, పసిబిడ్డను ఎత్తుకుని, చివరి ఘడియలో ఒప్పుకుని 1793లో ఓడ ఎక్కింది. మరుసటి ఏడాదే అయిదేళ్ల కొడుకు పీటర్ జబ్బుచేసి చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మతి చలించింది. 1807లో చనిపోయేదాకా కోలుకోలేదు. తాడు కేరీ నడుముకు కట్టారు, డొరొతీ నడుముకు ఎవరూ కట్టలేదు. ఆ కాలంలో ఒక ఉత్తరం చేరడానికి నెలలు పట్టేది కాబట్టి అప్పటివాళ్లను నేను నిందించను. వీడియో కాల్‌లో ముఖం చూస్తూ మాట్లాడగలిగిన మనం, "పరిచర్య ఎలా ఉంది బ్రదర్?" అని భర్తను మాత్రమే అడిగి ఫోన్ పెట్టేయడం మాత్రం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఫుల్లర్ తర్వాత జరిగింది కూడా సంస్థ పెట్టేవాళ్లు చదవవలసిందే. కేరీని స్వయంగా ఎరిగిన తరం పోయాక, శ్రీరాంపూర్ ఆస్తుల మీద ఎవరి అజమాయిషీ ఉండాలన్న విషయంలో ఆ మిషన్ సంఘపు లండన్ కమిటీకీ శ్రీరాంపూర్ సేవకులకూ మధ్య ఏళ్ల తరబడి వివాదం నడిచి, 1827లో ఇరువురూ విడిపోయారు. ఒక మనిషి స్నేహం మీద ఆధారపడిన తాడు ఆ మనిషితోనే తెగిపోతుంది. అందుకే మా నియమావళిలో ట్రస్టీల పదవీకాలం ఎంత, ఒకే కుటుంబం నుండి ఎంతమంది ఉండవచ్చు, సంస్థ మూతపడితే మిగిలిన సొమ్ము ఎవరికి చేరాలి అన్నవన్నీ మొదటిరోజునే రాతపూర్వకంగా ఉండాలని నేను పట్టుబడుతున్నాను. "మనలో మనకు రాతలెందుకు, అందరం విశ్వాసులమే కదా" అన్నవాళ్లు ఉన్నారు. విశ్వాసులమే కాబట్టి రాసుకుందాం, రేపు మన తర్వాత వచ్చేవాళ్లు కలహపడకుండా.

డబ్బు విషయంలో పౌలు చూపిన జాగ్రత్త నాకు ఆదర్శం. యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందాను ఆయన ఒక్కడే మోసుకుపోలేదు; సంఘాలు ఏర్పరచిన మనుషులను తోడు తీసుకుని, దేవుని దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా నింద లేకుండా చూసుకున్నాడు. మేమూ లెక్కలను బయటి ఆడిటర్‌తో తనిఖీ చేయించి దాతలందరికీ పంపాలి. ఫలానా కుటుంబానికని ఇచ్చిన కానుక ఆ కుటుంబానికే చేరాలి. ఆఫీసు ఖర్చుకు ఎంత తీస్తున్నామో ముందే చెప్పాలి, ఖర్చే లేదని గొప్పలు పోకూడదు. మారకం విలువ పడిపోయిన నెలలో సేవకుడి ఇంటి అద్దె ఆగకుండా, ప్రాణాపాయం వచ్చినప్పుడు రాత్రికి రాత్రి టికెట్టు కొనగలిగేలా కొంత నిల్వ విడిగా ఉండాలి. ప్రమాదకరమైన ప్రాంతాల్లో ఉన్నవాళ్ల పేర్లు, ఫోటోలు చందాల కోసం ఎక్కడా వాడకూడదు; ఒక్క ఫోటోతో వీసా పోవచ్చు, వాళ్ల చుట్టూ ఉన్న స్థానిక విశ్వాసులకు అంతకంటే పెద్ద కష్టమే రావచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆదరించే సంస్థ, జీతమిచ్చే సంస్థ ఒకటిగా ఉండకూడదు. మా దగ్గరికి వచ్చిన మాట పంపిన సంఘానికి గాని, మిషన్ నాయకులకు గాని, సేవకుడి అనుమతి లేకుండా చేరకూడదు. ప్రాణాపాయం, పిల్లలకు హాని, ఇంకెవరిమీదైనా జరుగుతున్న దుర్వినియోగం, ఈ మూడింటిలో మాత్రం గోప్యత ఉండదని మొదటి సంభాషణలోనే స్పష్టంగా చెప్పాలి. వినేవాళ్లు శిక్షణ పొందినవాళ్లై ఉండాలి. ప్రార్థించగలిగినంత మాత్రాన కౌన్సెలింగ్ చేయగలమని అనుకోవడం వల్ల చాలా గాయాలు మానక పుండ్లయ్యాయి. "విశ్వాసం తగ్గింది, ఉపవాసముండండి" అన్న సలహా నాకూ వచ్చింది. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవుని దూత మొదట ఇచ్చింది రొట్టె, నీళ్లు. తర్వాత మళ్లీ నిద్ర. తర్వాత మళ్లీ రొట్టె. ప్రసంగం ఏదీ లేదు.

పిల్లల సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతాను. మా అమ్మాయి తిరిగొచ్చిన మొదటి వారంలో, ఆదివారపు బడిలో "మీది ఏ దేశం?" అని టీచర్ అడిగితే, జవాబు చెప్పకుండా నా వైపు చూసింది. ఇంటికొచ్చాక, "నాన్నా, ఏది చెప్తే నిజం అవుతుంది?" అంది. తనకు అప్పుడు తొమ్మిదేళ్లు. అక్కడ విదేశీయురాలు, ఇక్కడ కొత్త పిల్ల. ఇలాంటి పిల్లలు ఏడాదికొకసారి ఒకచోట కలిసి నాలుగు రోజులు గడిపితే ఎంత ఊపిరి పీల్చుకుంటారో నేను కళ్లారా చూశాను. అలాంటి శిబిరానికయ్యే ఖర్చును వినోదమని కొట్టేయకండి.

తిరిగి రావడం కూడా సేవలో భాగమేనని మనం మరచిపోయాం. పౌలు, బర్నబా తమ మొదటి ప్రయాణం ముగించి, తమను పంపిన సంఘం ఉన్న అంతియొకయకు వచ్చినప్పుడు, సంఘమంతా సమకూడి జరిగినవన్నీ విన్నది, వాళ్లు అక్కడ చాలాకాలం ఉన్నారు. మాకు ఒక ఆదివారం ఆరాధనలో పది నిమిషాలు ఇచ్చారు. స్లయిడ్లు చూపించి కూర్చున్నాం.

ఇదంతా సుఖాల కోసం అడగడమని అనుకునేవాళ్లు, పౌలు చెరసాలలో నుండి తిమోతికి రాసిన చివరి మాటలు ఒకసారి తీసి చూడాలి. మరణం దగ్గరపడిందని తెలిసిన మనిషి, త్రోయలో కర్పు దగ్గర వదిలి వచ్చిన అంగీ తెమ్మన్నాడు, పుస్తకాలు తెమ్మన్నాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. అపొస్తలునికి చలి వేసింది, ఒంటరితనం వేసింది, ఆ మాట దాచుకోకుండా చెప్పగలిగిన ఒక మనిషి ఆయనకు ఉన్నాడు.

మొదటి ఏడాది మేము పెద్ద పనులేవీ పెట్టుకోవడం లేదు. నాలుగు కుటుంబాలు, ఇద్దరు శిక్షణ పొందిన కౌన్సెలర్లు, నెలకొక సంభాషణ భర్తతో విడిగా, భార్యతో విడిగా, పిల్లలతో విడిగా. సంభాషణకు వాడే ప్రశ్నల కాగితం నిన్న రాత్రి సిద్ధమయింది. బాప్తిస్మాలు ఎన్ని, కూడికలు ఎన్ని అన్న గడులు అందులో పెట్టలేదు. మొదటి ప్రశ్న నా భార్య రాసింది: "ఈ వారం రాత్రిళ్లు నిద్ర పడుతోందా?"