గోడెక్కే రోబోకు సిగ్నల్ పోతే?

గోడ మీద పాకే రోబోను చూడగానే ఎవరైనా అడిగేది ఒకటే: కింద పడకుండా ఎలా అతుక్కుంది? నన్ను మాత్రం ఇంకో ప్రశ్న వదలడం లేదు. తాను ఎక్కడున్నదీ దానికి ఎలా తెలుస్తుంది? సిగ్నల్ పోతే ఏం చేస్తుంది?

2011 అక్టోబరులో, ప్రమాదానికి గురైన జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం రెండో యూనిట్ భవనంలోకి వెళ్లిన క్విన్స్ రోబో బయటికి రాలేదు. తిరుగు దారిలో కమ్యూనికేషన్ కేబుల్ దెబ్బతిని మూడో అంతస్తులోనే ఉండిపోయింది. అది నేల మీద నడిచే రకం కాబట్టి ఆగినచోట ఆగింది. నిలువు గోడ మీద ఆ మాత్రం భరోసా కూడా ఉండదు.

శాశ్వత అయస్కాంతాలతో పట్టుకునే రోబో కరెంటు పోయినా జారదు, కానీ దానికి ఉక్కు గోడ కావాలి. కాంక్రీటు మీద గాలి పీల్చి అతుక్కునే రోబోకు చిన్న పగులు అడ్డొచ్చినా పట్టు సడలుతుంది. ఆ క్షణంలో పీడనం రీడింగ్ ఎక్కడో ఉన్న ఆపరేటర్‌కు వెళ్లి, అక్కడి నుంచి ఆదేశం వచ్చేదాకా ఆగే వీలుండదు. పట్టు సంగతి రోబోలోనే, మిల్లీసెకన్లలో తేలిపోవాలి. చుట్టూ భవనంలో అమర్చిన సెన్సర్ల నెట్‌వర్క్ చూసుకోవాల్సింది దారి, ప్రమాదం. ఈ రెండు పనులనూ కలిపేసిన డిజైన్‌ను నేను నమ్మను.

దారి చెప్పడం కూడా తేలికేం కాదు. లోపల జీపీఎస్ అందదు. చక్రాలు తిరిగిన లెక్క చూద్దామంటే, బరువు కిందికి లాగుతుంటే చక్రం జారుతుంది, లెక్క తప్పుతుంది. అందుకే భవనంలో అక్కడక్కడా సెన్సర్ నోడ్లు, అంటే కొలిచి రేడియోలో సమాచారం పంపే చిన్న పరికరాలు, పెడతారు. సిగ్నల్ బలాన్ని బట్టి దూరం కడితే, పైపులు, ట్యాంకుల మధ్య తరంగాలు అటూ ఇటూ కొట్టుకుని మీటర్ల తేడా వస్తుంది. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే రేడియో పద్ధతి తరంగం ప్రయాణించిన సమయాన్ని కొలుస్తుంది కాబట్టి, అడ్డం లేకపోతే తేడా సెంటీమీటర్లకు తగ్గుతుంది. మధ్యలో ఉక్కు తగిలితే మళ్లీ కష్టమే. అంటే నోడ్‌ను ఎక్కడ పెట్టామన్నది రోబో మోటారంత ముఖ్యం. అవే నోడ్లు రేడియేషన్‌నూ, విషవాయువునూ కొలిస్తే రోబోకు తక్కువ దెబ్బ తగిలే దారి దొరుకుతుంది. రేడియేషన్ మోతాదు పెరిగేకొద్దీ చిప్‌లు, కెమెరాలు పాడవుతాయి కాబట్టి ఇది అదనపు హంగు కాదు, దాని ఆయుష్షు. బ్యాటరీ కోసం నోడ్లు నిద్రపోతాయి, సరే. రోబో దగ్గరికొచ్చేసరికి మాత్రం మేలుకుని ఉండాలి.

రోబో ఆగిపోతే ఆ పని మనిషి మీద పడుతుంది. 1986లో చెర్నోబిల్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగాక దాని పైకప్పు మీద రోబోలు రేడియేషన్‌కు చెడిపోతే, 3,000 మందికి పైగా మనుషులు పారలు పట్టుకుని ఎక్కాల్సి వచ్చింది. అందుకే శుభ్రమైన గోడ మీద, నిండు సిగ్నల్‌తో చేసే డెమో నాకు సరిపోదు. రోబో సగం ఎత్తులో ఉండగా సగం నోడ్లు ఆపేయాలి. అది పట్టు వదలకుండా నిలబడి, చివరిసారి సిగ్నల్ అందిన చోటికి తనంతట తాను దిగి రావాలి. ఆ పరీక్ష నెగ్గాకే ప్రమాదం ఉన్న చోటికి పంపాలి.